దాలయ్య మావ చెవులూ, నేను తిప్పిన స్క్రూ

కోల్‌కతా గార్డెన్ రీచ్‌లో నది ఒడ్డున ఒక నూనె ట్యాంకుల డిపో ఉంది. అందులో ముప్పై నాలుగేళ్ళు పంపు ఫిట్టరుగా చేసి పోయిన ఏడాది దిగిపోయాను. ఓడల్లో వచ్చే పామాయిల్‌ని ట్యాంకుల్లోకి ఎక్కించడం, ట్యాంకుల్లోంచి లారీల్లోకి పంపడం మా పని. ఎవరైనా ఉద్యోగం ఏమిటని అడిగితే "నూనె తోస్తాను" అనేవాణ్ణి. పెళ్ళిచూపుల్లోనూ అదే చెప్పాను. మా మామగారు సొంత గానుగ ఉందనుకుని అప్పటికప్పుడే సంబంధం ఖాయం చేసేశారు. నిజం తెలిసేసరికి పెళ్ళయిపోయింది, ఆయనింక చేసేదేమీ లేకపోయింది.

ఈమధ్య ఇక్కడి మన తెలుగువాళ్ళ పిల్లలు కొందరు డిప్లొమాలు చేసి ఈ పనిలోకి వస్తున్నారు. కనబడితే "మాకేటైనా సెప్పండి" అంటారు. మీ కోసమే ఇది రాస్తున్నాను. మీలో సగం మందికి తెలుగు చదవడం రాదని నాకు తెలుసు. అమ్మ చేత చదివించుకోండి, మీరు రోజంతా ఏం చేస్తున్నారో ఆవిడకీ తెలుస్తుంది. నా ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండు, రెండూ ఆలస్యంగానే వచ్చాయి.

నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. నేనొక స్క్రూ తిప్పి మర్చిపోయాను. దాని మూలంగా మా మేస్త్రీ తన చెవులు పోయాయని నమ్మి, ప్రాణంలా చూసుకున్న పంపు హౌసుని వదులుకోవడానికి సిద్ధపడ్డాడు.

ముందు పంపు సంగతి

గేర్ పంపంటే ఇనప గుల్లలో (మేం దాన్ని డొక్కు అంటాం) ఒకదాన్నొకటి కరుచుకుని తిరిగే రెండు పళ్ళ చక్రాలు. నూనె ఆ రెండింటి మధ్యలోంచి పోతుందని కొత్తవాళ్ళందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కాదు. చక్రాల బయటి వైపు, పళ్ళ సందుల్లో కూర్చుని, డొక్కు గోడ వెంబడి చుట్టు తిరిగి అవతలికి వెళ్తుంది. మధ్యలో పళ్ళు కలిసిపోతాయి కాబట్టి వెనక్కి రావడానికి దారుండదు.

ఇందులోనే దాని మంచీ చెడూ ఉన్నాయి. నీళ్ళు తోడే మామూలు పంపుకి అవతలి వాల్వు మూసేస్తే కాసేపు లోపల్లోపలే నీళ్ళు చిలుక్కుంటూ కూర్చుంటుంది. గేర్ పంపు అలా ఊరుకోదు. తిరిగినంతసేపూ తోస్తూనే ఉంటుంది. దారి మూస్తే ఒత్తిడి పెరిగి పెరిగి ఏదో ఒకటి పగలాలి: మూత కింది గాస్కెట్టో, పైపో, డొక్కో, ఎదురుగా నిలబడ్డ మనిషో.

అందుకే దాని నెత్తిన చిన్న రిలీఫ్ వాల్వు పెడతారు. అందులో ఒక స్ప్రింగు, దాన్ని నొక్కి ఉంచే ఒక స్క్రూ, స్క్రూ మీద ఒక టోపీ ఉంటాయి. ఒత్తిడి హద్దు దాటితే స్ప్రింగు లేచి, నూనెని తిరిగి లోపలికే వదిలేస్తుంది. మనం చేసిన పొరపాటుని కాసేపు కాస్తుంది. కాసేపే సుమా. అలాగే నడవనిస్తే అదే నూనె తిరిగి తిరిగి కాలిపోతుంది. వాల్వు లేచిన చప్పుడు వినగానే మోటారు ఆపాలి.

చెవితో చేసే పని

ఆ చప్పుడు వినడం నాకు నేర్పింది దాలయ్య మావ. మా పంపు హౌసుకి మేస్త్రీ. వాళ్ళది టెక్కలి దగ్గర సముద్రం ఒడ్డు ఊరు, మాదీ అటే. చుట్టరికం లేకపోయినా నేను మావా అనేవాణ్ణి, వాళ్ళావిణ్ణి అత్తా అనేవాణ్ణి. ఇక్కడ ఏక్‌బాల్‌పూర్‌లో రెండు గదుల ఇల్లు. బడి మొహం చూడలేదు, గేజి మీద అంకెలు మాత్రం చదవగలడు. అవి కూడా ఆయనకి పెద్దగా అక్కర్లేదు.

పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని పంపు డొక్కుకి ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకి పెట్టుకునేవాడు. కళ్ళు మూసుకుని, "బేరింగు ఏడుత్తంది. ఇంకో పదిరోజులు ఆగుద్ది" అనేవాడు. పదకొండో రోజు అది పోయేది. మోటారునీ పంపునీ కలిపే కప్లింగు దగ్గరికి మాత్రం స్క్రూడ్రైవరు గాని, తుడిచే గుడ్డ గాని తీసుకెళ్ళనిచ్చేవాడు కాదు. తిరుగుతున్న కప్లింగుకి గుడ్డ అందితే దాని వెనక చెయ్యి కూడా అందుతుంది.

ఒకసారి మేమిద్దరం గేటు అవతల టీ తాగుతున్నాం. బస్సు హారన్లూ, ఆటోల గోలా. మావ మట్టి కప్పు సగంలో పారేసి పరుగెత్తాడు. "రాల్లు నవుల్తంది!" అన్నాడు. రెండో నంబరు పంపుకి నూనె అందడం లేదు. ముందున్న జల్లెడలో గోనె పీచులు అడ్డం పడ్డాయి. పంపు మింగే దారిలో నూనె చాలకపోతే లోపల గులకరాళ్ళు పడ్డట్టు చప్పుడవుతుంది. పళ్ళకి తడి పెట్టేది కూడా ఆ నూనే కాబట్టి, అది లేకపోతే నిమిషాల్లో అరిగిపోతాయి. రోడ్డు మీదికి ఆ చప్పుడు నాకు వినపడలేదు, టీ కొట్టు దాదాకీ (ఇక్కడ దాదా అంటే అన్న) వినపడలేదు. మావకి వినపడింది.

మోటారు వైండింగుకి వెళ్ళొచ్చాక తీగలు అటూ ఇటూ మారితే పంపు వెనక్కి తిరుగుతుంది, అప్పుడు రిలీఫ్ వాల్వు ఉన్నా లేనట్టే. అందుకని బటన్ ఒక్కసారి నొక్కి వదిలేసి, బాణం గుర్తుతో సరిచూడాలి. పంపు విప్పే ముందు ఫ్యూజు తీసి ఇంకెవరికీ ఇవ్వకుండా మన జేబులోనే వేసుకోవాలి. ఇవన్నీ ఆయన నోట విన్నవే. పుస్తకాల్లోనూ ఉన్నాయని తర్వాత ఎప్పుడో తెలిసింది.

చలికాలం, నా తెలివి

పామాయిల్ చలికి గడ్డకడుతుంది. కోల్‌కతా చలి మనుషులకి మంకీ టోపీలు పెట్టిస్తే, మా నూనెని వెన్నపూస చేసేది. అప్పుడు ట్యాంకులో ఆవిరి గొట్టాలు పెట్టి వేడి చేసి, బాగా కరిగాక, పంపు నిదానంగా నడపాలి. అది ఓపిక పని.

ఆ ఏడాది బాయిలరు మొరాయించింది. ఆవిరి సరిగ్గా రావడం లేదు. బయట లారీలు బారు తీరాయి, డ్రైవర్లు మా అమ్మానాన్నల్ని తలుచుకుంటున్నారు. మావ సెలవు మీద ఊరెళ్ళాడు. ఒకటో నంబరు పంపు నడిపితే చిక్కటి నూనె కదలక, రిలీఫ్ వాల్వు లేచి టకటకమని కొట్టుకుంటోంది. లారీలోకి సన్నటి ధార. మా మెయింటెనెన్స్ ఇంచార్జి మిత్రాబాబు ప్రతి పది నిమిషాలకీ వచ్చి "కీ హొలో, సింహాచలం?" అని, ఏమైందని నన్ను అడుగుతున్నాడు.

ఏమైందో నాకు తెలుసు. నూనె వేడి చాల్లేదని చెప్పి చేతులు కట్టుకుని నిలబడాలి. నేను నిలబడలేదు. టోపీ విప్పి, స్క్రూ ఒక చుట్టు బిగించాను. ధార కాస్త లావయ్యింది. ఇంకో చుట్టు. ఇంకొకటి. చివరికి స్ప్రింగు చుట్లు ఒకదాని మీదొకటి కూర్చుండిపోయి స్క్రూ ఆగింది. అంటే ఇక ఆ వాల్వు ఏం జరిగినా లేవదు. టకటక ఆగిపోయింది. లారీలు కదిలాయి. మిత్రాబాబు నా భుజం తట్టి "నీ చేతిలో మంత్రం ఉందోయ్" అన్నాడు. నేను పొంగిపోయాను.

నూనె కరిగే రోజులు రాగానే వెనక్కి తిప్పేద్దామనుకున్నాను. మావ సెలవు నుంచి వచ్చాడు. ఆయనకి చెప్పలేదు, చెబితే తిడతాడని. ఎండలొచ్చాయి, వానలొచ్చాయి. నేను మర్చిపోయాను. ఇందులో గొప్ప కారణమేమీ లేదు, నిజంగానే మర్చిపోయాను.

దేవుడి ముందు పెట్టిన పానాలు

వానాకాలం చివర్లో మాకు విశ్వకర్మ పూజ వస్తుంది. ఈ ఊళ్ళో యంత్రంతో బతికేవాడికి దానికి మించిన పండగ లేదు. ముందురోజు పంపులన్నీ కడిగి రంగులేస్తాం. పానాలు, సుత్తులు, స్క్రూడ్రైవర్లు తుడిచి విగ్రహం ముందు పేర్చి, సింధూరం పెడతాం. ఒకసారి పెట్టాక మర్నాడు పూజంతా అయిపోయేదాకా ఎవరూ పనిముట్టు ముట్టకూడదు. అంత కచ్చితమైన ఆచారం.

ఇంకోటి మా మావ సొంత ఆచారం. ఆ రోజు యంత్రానికి నిజంగా విశ్రాంతి ఉండాలని, పంపు హౌసులో వాల్వులన్నీ తనే స్వయంగా మూసేవాడు. పూజ మర్నాడు పొద్దున తనే తెరిచి, కొబ్బరికాయ కొట్టి, మొదటి పంపు బటన్ నొక్కేవాడు. మేమందరం బయట బూందీ పంచుకుంటుంటే ఆయన ఒక్కడే లోపలికి వెళ్ళేవాడు.

ఆ ఏడు ముందురోజు సాయంత్రం ఒకటో నంబరు పంపుకి ఆకుపచ్చ రంగు వేస్తున్నది నేనే. కుంచె రిలీఫ్ వాల్వు టోపీ మీదికి రాగానే గుర్తొచ్చింది. కుంచె పక్కన పెట్టాను. పానా కోసం చూశాను. అన్నీ అప్పటికే దేవుడి ముందుకి వెళ్ళిపోయి, నొసట సింధూరంతో కూర్చున్నాయి. తీస్తే అందరూ ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. పూజయ్యాక చూద్దాంలే అనుకుని టోపీ మీద నిండుగా రంగు వేసేశాను. చాలా బాగా కుదిరింది.

ఒక్క మూలుగు

పూజ మర్నాడు పొద్దున మావ లోపలికి వెళ్ళాడు. నేను ఇంకా పానా తియ్యనే లేదు, బయట బూందీ దొన్నెలు అందిస్తున్నాను. కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. తర్వాత మోటారు. మోటారు ఒక్క మూలుగు మూలిగింది, వెంటనే ఢాం అని ఏదో పేలింది. నా చేతిలో దొన్నె ఇంకా ఎవరికీ అందలేదు, అంత తక్కువ సేపు.

పరుగెత్తి చూస్తే పంపు మూత గాస్కెట్టు చీలిపోయి నూనె కప్పుదాకా ఎగజిమ్మింది. గోడలూ, గేజులూ, పూలదండా అన్నీ నూనె ఓడుతున్నాయి. మావ ఎలాగో మోటారు ఆపాడు గాని, తిరిగేటప్పుడు జారి కుడి భుజం మీద పడ్డాడు. లేపబోతే కేక పెట్టాడు. భుజం ఎముక చిట్లింది. ఆ చిమ్మిన నూనె ఎదురుగా ఆయన మొహం ఉండి ఉంటే ఈ రాత నవ్వుతూ మొదలుపెట్టగలిగేవాణ్ణి కాదు.

కారణం అరగంటలో తేలింది. మావ అన్ని వాల్వులూ తెరిచి, మూలనున్న ఒక్కటి మర్చిపోయాడు. అది ఆయన తప్పే, కాదనను. పంపు నొక్కే ముందు దారి మొత్తం ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూసుకోవాలి, ఎంత అనుభవం ఉన్నా సరే. కానీ మనుషులు మర్చిపోతారనే కదా ఆ రిలీఫ్ వాల్వు పెట్టింది. దాన్ని నేను బిగించి, పైన రంగేశాను.

మావ భుజానికి కట్టు కట్టించుకుని వచ్చాక, ఏం జరిగిందని మిత్రాబాబు ఆయన్ని అడిగాడు. మావ ఒకటే మాట అన్నాడు.

"వాల్వు ఒకటి మర్సిపోనాను బాబూ, ఒప్పుకుంటాను. ఇంతకుముందు రెండుమాట్లు మర్సిపోనాను. రిలీపు వాల్వు టకటకా కొట్టుకుంది, ఎంటనే ఆపీసినాను. ఈపాలి ఆ సప్పుడే ఇనబడనేదు."

మిత్రాబాబు చెడ్డవాడు కాదు. పని తెలిసినవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక తప్పు దొరగ్గానే వెతకడం ఆపేయడం. పంపుకి కొత్తగా రంగేశారు, వాల్వు మెరిసిపోతోంది, దాన్ని అనుమానించడం ఎందుకు? "చప్పుడు వచ్చే ఉంటుంది దాదా, మీకే వినపడలేదు. చాలాసేపు అలాగే నడిపి ఉంటారు, నూనె కాగి గాస్కెట్టు పోయింది. వయసు మీద పడింది" అన్నాడు. డాక్టరు చేత చెవులు చూపించాలనీ, భుజం బాగయ్యాక కూడా పంపు హౌసు వద్దు, గేటు దగ్గర కుర్చీ వేయిస్తాననీ చెప్పాడు. నన్ను పిలిచి పంపు విప్పి చూడమన్నాడు.

మూలిగిన వెంటనే పేలిందని నేను విన్నాను. చాలాసేపు నడవలేదని నాకు తెలుసు. నోరు విప్పలేదు.

మూడు రోజులు

పంపు విప్పే పని నా చేతికే వచ్చిందంటే మీకు అర్థమవుతోంది కదా. టోపీ తీసి, స్క్రూ మూడు చుట్లు వెనక్కి తిప్పి, కాస్త రంగు పూసేస్తే చాలు. ఈ జన్మలో ఎవరికీ తెలియదు. పానా పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. గాస్కెట్టు దొరకలేదని చెప్పి ఆ రోజు లేచిపోయాను. రెండో రోజు ఇంకో సాకు చెప్పాను.

మూడో రోజు సాయంత్రం మావని చూడటానికి ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని, చేతి గడియారాన్ని ఒకసారి ఈ చెవికీ, ఒకసారి ఆ చెవికీ పెట్టుకుంటున్నాడు. రెండు చెవుల్లోనూ ఆవనూనె, దూది. అత్త వంటగది గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి "ఓ ముసిలోడా" అని పిలిచింది. ఆయన పలికాడు. ఇంకా తగ్గించి పిలిచింది. ఈసారి పలకలేదు. నాక్కూడా వినపడలేదు, అదేదో ఆవిడ పెదాలు కదపడమే. కానీ మావ మొహం వాడిపోయింది.

నన్ను చూసి, "పోనాయిరా. నాకు తెలీకుండానే పోనాయి" అన్నాడు. "నా సెవులు నమ్ముకుని ఎందర్ని ఆ పంపుల కాడ నిలబెట్టీసినానో. ఎవలికీ ఏటీ అవనేదు, అదే దేవుడి దయ. గేటు కాడే కూకుంటాను. పంపు సప్పుడు ఇనబడనోడికి అక్కడేటి పని?"

ఆయన ఏడవలేదు. మామూలుగానే చెప్పాడు. అత్త నాకు టీ ఇచ్చింది. దాన్ని తాగి, భుజం ఎలా ఉందని అడిగి, ఇంటికి వచ్చేశాను. నా జీవితంలో నా మీద నాకు అసహ్యం వేసిన సాయంత్రం అదొక్కటే.

విప్పడం

నాలుగో రోజు పొద్దున్నే మిత్రాబాబుని పంపు దగ్గరికి తీసుకెళ్ళాను. నేను ముట్టుకోను, మీరే విప్పండి అన్నాను. ఆయన టోపీ తిప్పితే కొత్త రంగు పెచ్చుగా లేచింది. లోపల స్క్రూ అడుగంటా దిగి ఉంది. అర్థం కావడానికి ఆయనకి ఒక్క క్షణం పట్టింది.

"ఎవరు?"

"నేనే బాబూ. చలికాలంలో. మీరు నా భుజం తట్టిన రోజు."

ఆయన పానా పక్కన పెట్టాడు. తర్వాత నన్ను మూడు వారాలు డిపోలో అడుగు పెట్టొద్దన్నాడు. ఇంకేమైనా అని ఉంటే బాగుండేదనిపించింది. గేటు దగ్గర కుర్చీ మాట మళ్ళీ ఎత్తలేదు.

తిరిగి చేరిన రోజు నుంచీ నేనొక అలవాటు పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి. రిలీఫ్ వాల్వుని ఎవరు ముట్టుకున్నా ఒక రేకు ముక్క మీద తన పేరూ, ఎన్ని చుట్లు తిప్పాడో రాసి దాని మెడలో కట్టాలి. గేజి చూస్తూ తిరిగి సరిచేసేదాకా ఆ రేకు అక్కడే ఉండాలి. విశ్వకర్మ పూజకి రంగులేసే ముందు, పానాలు దేవుడి ముందుకి వెళ్ళే ముందు, ప్రతి టోపీ విప్పి చూడాలి. మా డిపోలో ఇప్పటికీ అలాగే చేస్తున్నారు, పూజలో అదీ ఒక తంతు అనుకుంటున్నారు. అనుకోనీండి.

మిత్రాబాబుకి చెప్పిన సాయంత్రమే మళ్ళీ ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను. ట్రాము దిగి ఆ సందు దాకా నడిచాను. మావ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను కింద మెట్టు మీద కూలబడి, మొహం చూడకుండా అంతా ఒక్క బిగిని చెప్పేశాను.

"మావా, ఒకటో నంబరు పంపు రిలీపు వాల్వు నానే బిగించీసినాను. మల్లీ ఒదులు సెయ్యనేదు. అది లెగనేదు మావా. లెగనిదానికి సప్పుడెక్కడిది?"

ఆయన పలకలేదు. దూది వల్ల వినపడలేదేమోనని గొంతు పెంచి మళ్ళీ మొదలుపెట్టాను.

"అరవకు, ఇనబడ్డాది" అన్నాడు. రెండు చెవుల్లోంచీ దూది పీకి అవతల పారేశాడు. కళ్ళ నిండా నీళ్ళు. లోపలికి తిరిగి కేకేశాడు. "ఓలే, ఇన్నావేటి? అది మోగనేదట! నాకు ఇనబడకపోడం కాదు, అదే మోగనేదట!"

అత్త గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు. ఇన్నాళ్ళూ నన్ను తిడతాడని భయపడ్డాను, ఆయనేమో సంతోషపడుతున్నాడు. నాక్కూడా నవ్వొచ్చింది.

అప్పుడు మావ లేచి, కట్టు లేని ఎడం చేత్తో నా చెంప పగిలేలా ఒక్కటిచ్చాడు. ఆ చప్పుడు మాత్రం మా ఇద్దరికీ శుభ్రంగా వినపడింది.